మసాలాలో ఇంటి సగం

ధర్మలింగం వెళ్ళిపోయాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గాక, "నా మసాలా అమ్ముకున్న చేత్తో నా పొయ్యి ముట్టుకోకు" అన్నాడు గురయ్య. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మారు మాట్లాడలేదు. గరిట కడిగి బోర్లించాడు. భుజం మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, బల్ల మీద ఉంచాడు. వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. కాదనలేదు. అవుననలేదు. ఆ ఊరుకోవడమే గురయ్యను తెల్లారేదాకా తొలిచింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఈ దీవిలోని బా అనే ఊళ్ళో, చెరకు మిల్లుకు వెళ్ళే దారిలో గురయ్య హోటల్ పెట్టి ముప్పై ఒక్కేళ్ళు. అక్కడ బాతు కూర తినడానికి దూరాన ఉన్న లౌతోకా పట్నం నుంచి కూడా జనం వస్తారు. ఆ కూర బలమంతా మసాలాలో ఉంది. గురయ్య తల్లి మునెమ్మ ఆ మసాలాను రెండు సగాలు చేసింది. ధనియాలు, జీలకర్ర, సోంపు ఇంట్లో తయారవుతాయి. అది ఇంటి సగం. మిరియాలు, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి హోటల్లో వేగుతాయి. అది వంటింటి సగం. ఒక సగం తెలిసినవాడికి రెండోది తెలియకూడదని ఆమె కట్టడి. ఇంటి సగం కొడుక్కి చెప్పింది. వంటింటి సగం ధర్మలింగానికి చెప్పింది. ప్రతి సోమవారం గురయ్య ఇంటి నుంచి డబ్బా తెస్తాడు, ధర్మలింగం రెండు చేతులతో అందుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అంతే.

మూడు వారాల కిందట, నంగోనా అనే మత్తు వేరు కలిపిన నీళ్ళ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు, బిసున్ అనే చెరకు లారీ డ్రైవరు నోరు జారాడు. "తవూవాలో కొత్త హోటల్ పెట్టారు మామా. బాతు కూర అచ్చం నీదే. కళ్ళు మూసుకుని తింటే నీ కొట్లో ఉన్నట్టే ఉంది."

గురయ్య ఆ రోజు మిగతా గిన్నె తాగలేదు. తర్వాతి ఆదివారం డబ్బాకు దారం చుట్టి రెండు ముళ్ళు వేశాడు. సోమవారం తెల్లవారకముందే, చీకట్లో దాన్ని తెచ్చి హోటల్లో పెట్టి, బాతులు ఏరడానికి మార్కెట్టుకు వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే ఒక్కటే ముడి ఉంది. వంటింట్లో ఉన్నది ధర్మలింగం ఒక్కడు. ధర్మలింగం పుట్టింది తవూవాలో. ఇంకేం కావాలి?

ఇంటి సగం తెలిసింది ఇంట్లోవాళ్ళకే. ఇంట్లోవాళ్ళంటే గురయ్య లెక్కలో గురయ్య ఒక్కడే.

*

శనివారం పొద్దున అతను హోటల్ తలుపు తెరవలేదు. చెరకు ఆడే రోజుల్లో శనివారం మూయడం ఇదే మొదలు. తలకు టోపీ పెట్టుకుని తవూవా బస్సు ఎక్కాడు.

బస్సులో ఒకటే గుబులు. భార్య అంజిలమ్మ కంట పడకూడదు. ఆమె అక్క ఇల్లు తవూవాలోనే, గనికి వెళ్ళే రోడ్డు మీద ఉంది. అక్క కాలు విరిగిందని నాలుగు నెలలుగా ప్రతి గురువారం వెళ్ళి ఆదివారం వస్తోంది. ధర్మలింగాన్ని పంపేసిన సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ముందు దొంగ దొరకాలి. చెప్పడం తర్వాత.

కొత్త హోటల్ మార్కెట్టు పక్కనే ఉంది. బోర్డు లేదు. ఆకుపచ్చ తలుపు, లోపల ఆరు బల్లలు, బల్లల మీద పూల రబ్బరు గుడ్డలు. వెనక వంటింటికి నీలం తెర. గురయ్య మూల బల్ల చూసుకుని, తెరకు ఎదురుగా కూర్చున్నాడు. టోపీ తీయలేదు.

ముందు బల్ల అంచు వేలితో రాసి చూశాడు. జిడ్డు లేదు. గ్లాసు ఎత్తి వాసన చూశాడు. నీచు లేదు. కొత్త కొట్టు ఇంత శుభ్రంగా ఉండటం కూడా అతనికి అనుమానంగానే తోచింది. ఎవరో ఏళ్ళ తరబడి హోటల్లో పనిచేసినవాళ్ళే దీన్ని నడుపుతున్నారు అనుకున్నాడు. ఎవరో ఎందుకు, పేరే చెప్పొచ్చు అనుకున్నాడు.

చెవి వెనక తెల్లపువ్వు పెట్టుకున్న మనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఈ దీవి మూలవాసి. పేరు లితియా అని పక్క బల్లవాళ్ళు పిలవగా విన్నాడు. నీళ్ళ జగ్గు పెట్టి, "రోటీనా కాకా, అన్నమా?" అంది.

"ఏమేం ఉన్నాయో రాసిన కాగితం లేదా?"

"కాగితం ఎందుకు, నోరుందిగా. బాతు, దాల్, కొబ్బరిపాలలో చేమాకు, టమాటా చట్నీ. మేక నిన్ననే అయిపోయింది."

"బాతు. రోటీ." గొంతు తగ్గించాడు. "వంట ఎవరు?"

"వంటవాళ్ళే."

"మగా, ఆడా?"

లితియా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కూర తినడానికి వచ్చావా కాకా, సంబంధం చూడటానికి వచ్చావా?"

పక్క బల్ల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. గురయ్య అటు తిరిగాడు. బిసున్! ముందు కంచం, చేతిలో బాతు కాలు.

"అరె, గురయ్య మామా! టోపీ పెట్టుకుంటే గుర్తుపట్టమనుకున్నావా? ఆ ముక్కు ఎక్కడ దాస్తావు?" అన్నాడు బిసున్. "సొంత కొట్టు వదిలి ఇంతదూరం తిండికి వచ్చావంటే, మేం రావడంలో తప్పేముంది?"

"నోట్లో ముద్ద ఉంది, ముందు అది మింగు" అన్నాడు గురయ్య.

"మింగడం ఎంతసేపు! మిగతాది చెప్పనా? మొన్న వీళ్ళ వంటింట్లోకి..." బిసున్ ఆగిపోయాడు. లితియా అతని వైపు చూసిన చూపు గురయ్య కనిపెట్టాడు. బిసున్ తల దించుకుని బాతు కాలు కొరికాడు.

వీడికి తెలుసు. దీనికీ తెలుసు. ఊరంతటికీ తెలుసేమో. తెలియనిది తనకే. గురయ్య తెర వంక చూశాడు. తెర కింద రెండు అంగుళాల సందు ఉంది. అందులోంచి ఎవరివో పాదాలు అటూ ఇటూ కదులుతున్నాయి. రబ్బరు చెప్పులు. ధర్మలింగం కూడా పొయ్యి దగ్గర రబ్బరు చెప్పులే వేసుకుంటాడు. శుక్రవారం వెళ్ళాడు, శనివారానికే పొయ్యి దొరికిందన్నమాట. ఎంత ముందునుంచి ఏర్పాటు చేసుకున్నాడో!

*

కంచం వచ్చింది. లితియా రోటీని సగానికి చింపి, ఆవిరి పోనిచ్చి పెట్టింది. కూర గిన్నె ఎడమవైపు, చట్నీ పైన. గురయ్య హోటల్లోనూ అంతే పెడతారు.

అతను ముద్ద చేయలేదు. వేలి కొన పులుసులో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

మనిషి మాట అబద్ధమాడొచ్చు. గురయ్య నాలుకకు మాత్రం అబద్ధం చెప్పడం ఎవరి వల్లా కాదు. తగిలింది. ఇంటి సగమే. మునెమ్మ సోంపును ఒకసారి వేయించి, ఒక రోజు ఎండనిచ్చి, మళ్ళీ వేయించేది. ఆ రెండోసారి వేగినప్పుడు వచ్చే కమ్మదనం ఇంకెక్కడా ఉండదు. ఇక్కడ ఉంది.

"దొరికాడు" అనుకున్నాడు. మొదటి ముద్ద తిన్నాడు. మాంసం ఎముక నుంచి విడివడుతోంది, కానీ చెదరలేదు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద దగ్గర చెయ్యి ఆగింది.

మిరియం.

ధర్మలింగానికి ఒక భయం ఉంది. మిరియాలు చిటపటమనేలోపే దించేస్తాడు. మాడితే మునెమ్మ ఊరుకోదని మొదటి ఏడాది పడ్డ భయం అది, ఆమె పోయాక కూడా పోలేదు. అందుకే గురయ్య హోటల్లో బాతు కూర కారం గొంతులో పట్టుకుంటుంది. గిరాకీలు అదే గొప్ప అనుకుంటారు. ఇక్కడి మిరియం చిట్లేదాకా వేగింది. నాలుక చివర చురుక్కుమని, వెంటనే మాయమవుతోంది. ఇది తల్లి చేసిన కూర. ఆమె పోయాక పదహారేళ్ళుగా అతను తినని కూర.

ఇది ధర్మలింగం చెయ్యి కాదు.

గురయ్య ఇంకో ముద్ద తిన్నాడు, ఈసారి తప్పు పట్టుకుందామని. తప్పు దొరకలేదు. నిన్న మడతపెట్టిన తువ్వాలు కళ్ళ ముందు మెదిలింది. ఈ కూర ధర్మలింగానిది కాకపోతే, తను ఎవరిని వెళ్ళగొట్టినట్టు? నీళ్ళు తాగాడు.

అప్పుడు తెర వెనక నుంచి మాట వినిపించింది. "లితియా, మూల బల్లాయనకు రెండో రోటీ ఇప్పుడే పెట్టకు. ఆయన మొదటిది మెల్లగా తింటాడు. చల్లారితే ముఖం మాడ్చుకుంటాడు."

ముప్పై అయిదేళ్ళుగా రోజూ వింటున్న గొంతు.

గురయ్య లేవలేదు. నీలం తెర పక్కకు జరిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చేతికి పిండి అంటుకుని, రబ్బరు చెప్పులతో అంజిలమ్మ బయటికి వచ్చింది. నేరుగా వచ్చి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గిరాకీల మధ్యలో ఆమె ఇలా కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. సొంత హోటల్లో ఆమె ఒక్కసారైనా ముందు తలుపులోంచి వచ్చిందా? గుర్తు రాలేదు.

"ఎలా ఉంది?" అంది.

"మీ అక్క కాలు విరిగిందన్నావు."

"విరిగింది. రెండు నెలల కిందట అతుక్కుంది కూడా. అతుక్కుందా అని నువ్వెప్పుడైనా అడిగావా?"

బిసున్ నమలడం మానేశాడు. లితియా పక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఆ బల్ల అప్పటికే మెరుస్తోంది.

"దొంగతనం" అన్నాడు గురయ్య. పళ్ళ బిగువున అన్నాడు. "నా మసాలా, నా ఇంట్లోంచి..."

"ఎవరి మసాలా? కొలిచి పోసేది నువ్వు. ఇంట్లో పొయ్యి ముందు నిలబడేది ఎవరు? ముప్పై ఏళ్ళు ఆ పొగ ఎవరి కళ్ళల్లోకి పోయింది? నువ్వు వరండాలో కూర్చుని 'అయిందా, అయిందా' అని అరిచేవాడివి."

"దారం ముడి?"

"ఏ దారం?"

"డబ్బా దారం. రెండు ముళ్ళు వేశాను."

"అదా! సోంపు తక్కువ కొలిచావు ఆ వారం. ఆదివారం నువ్వు పడుకున్నాక విప్పి, ఇంకో గుప్పెడు కలిపి కట్టాను. దొంగ గారు నీ కూర చెడిపోకుండా కాపాడారు, పోయి పోలీసులకు చెప్పు."

బిసున్ ముక్కులోంచి నవ్వు జారింది. గురయ్య అటు చూడలేదు. అతని అనుమానం ఇప్పుడు ఇంకో దారి పట్టింది.

"సరే, ఇంటి సగం నీకు తెలుసు. వంటింటి సగం? అమ్మ నీకు చెప్పిందా?"

"మీ అమ్మ నాకు ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా చెప్పలేదు. చెప్పింది ధర్మలింగం."

"చూశావా!" గురయ్య అరచేత్తో బల్ల మీద కొట్టాడు. గిన్నెలోంచి పులుసు చిందింది. "వాడు నీకు సగం అమ్మాడు. నువ్వు నీ సగం కలిపావు. ఇద్దరూ కలిసి..."

"మెల్లగా. గుడ్డ ఇప్పుడే మార్చాం." ఆమె కొంగుతో పులుసు తుడిచింది. "నువ్వు అనుకున్నట్టు కాదు. ధర్మలింగానికి రెండు సగాలూ తెలుసు."

"అబద్ధం."

"పనిలో చేరిన నెలకే మీ అమ్మ రెండూ చెప్పింది. ఏమని చెప్పిందో తెలుసా? 'నా కొడుక్కి అనుమానం ఎక్కువ. ఏదో ఒక రోజు నిన్ను వెళ్ళగొడతాడు. ఆ రోజు నువ్వు చేతులూపుకుంటూ పోకూడదు, నీ పొయ్యి నువ్వు పెట్టుకోవాలి' అని."

గురయ్య టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు, అయ్యా. ప్రతి సోమవారం నువ్వు డబ్బా ఇస్తే, తెలియనివాడిలా రెండు చేతులతో పుచ్చుకున్నాడు. కావాలంటే నీ ఎదురుగానే కొట్టు పెట్టేవాడు. పెట్టాడా? నేను అడిగితే పది రోజులు చెప్పలేదు. 'అన్నకు తెలిస్తే బాధపడతాడు వదినా' అన్నాడు. 'అన్నకు నేను చెప్పుకుంటాను' అన్నాను. చెప్పలేదు. ఆ తప్పు నాది. నీ ముఖం చూసినప్పుడల్లా వచ్చే వారం చెబుదాంలే అనిపించేది."

అందుకా ధర్మలింగం నిన్న నోరు మెదపలేదు? కాదంటే అబద్ధమవుతుంది. అవునంటే ఆమె పేరు చెప్పాల్సి వస్తుంది. గురయ్య చేతిలో రోటీ ముక్క అలాగే ఉండిపోయింది.

"ఎందుకు పెట్టావిది?" అన్నాడు చివరికి. గొంతులో పదును పోయింది.

"అక్కకు వండితే పక్కింటివాళ్ళు అడిగారు. వాళ్ళకు పెడితే గనివాళ్ళు అడిగారు. 'ఎవరు చేశారు?' అని అడిగారయ్యా. నా పేరు అడిగారు. మన హోటల్లో ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారా?" అంజిలమ్మ చేతి పిండి రాల్చుకుంది. అంతలో ఏదో తట్టినట్టు తలెత్తింది. "అది సరే. శనివారం పూట నువ్విక్కడ కూర్చుంటే హోటల్ ఎవరు చూస్తున్నారు? ధర్మలింగం ఒక్కడే అవస్థ పడుతున్నాడా?"

గురయ్య నీళ్ళ గ్లాసు వంక చూశాడు.

"ఏమయ్యా?"

"మూసి వచ్చాను."

"మిల్లు నడుస్తుంటే, శనివారమా?" ఆమె గొంతు మారింది. "ధర్మలింగం ఏడీ?"

గురయ్య గ్లాసు పక్కకు జరిపాడు. అంజిలమ్మ ముఖంలో రంగు మెల్లగా మారడం బిసున్‌కు కూడా కనిపించింది. "వెళ్ళగొట్టావు" అంది. అరవలేదు. "నా మూలంగా అతన్ని వెళ్ళగొట్టావు. అతను నోరెత్తలేదు కదూ?"

అప్పుడే ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది.

ధర్మలింగం. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. పెళ్ళికి వెళ్ళేటప్పుడు తప్ప అతను అలా ఉండగా గురయ్య చూడలేదు. మూల బల్ల మీద కళ్ళు పడి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి తిరగబోయాడు. తిరగలేదు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, అంజిలమ్మకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"వదినా, మీకు మనిషి కావాలేమోనని వచ్చాను. బాతులు శుభ్రం చేయమన్నా చేస్తాను."

ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు దింపుకుంది. బాలో కానీ తవూవాలో కానీ, పనికి మనిషిని పెట్టుకునే ముందు పాత కొట్టువాడిని ఒక మాట అడగడం అందరూ చేసేదే. గురయ్య కూడా అడక్కుండా ఎవరినీ పెట్టుకోలేదు. పాత కొట్టువాడు వద్దంటే ఆ మనిషికి ఈ రోడ్డు పొడుగునా ఇక పొయ్యి దొరకదు.

అంజిలమ్మ భర్త వైపు తిరిగింది.

"ఇరవై ఎనిమిదేళ్ళు నీ దగ్గర చేశాడు. నాకు చెప్పాల్సింది నువ్వే. ఈ మనిషిని నమ్మొచ్చా?"

రెండో రోటీ పళ్ళెంలో పట్టుకుని లితియా ఉన్నచోటే నిలబడిపోయింది. నమ్మొచ్చు అంటే, రేపటి నుంచి ధర్మలింగం ఈ నీలం తెర వెనక ఉంటాడు, గురయ్య పొయ్యి చల్లగా ఉంటుంది. నమ్మకూడదు అంటే, అబద్ధమని ఈ గదిలో ముగ్గురికి తెలుసు.

గురయ్య పులుసు చేత్తోనే బల్ల పట్టుకుని లేచాడు. నిన్నటి నుంచి తల దించుకునే ఉన్న ధర్మలింగం, మొదటిసారి తల ఎత్తి సూటిగా అతని ముఖంలోకి చూశాడు.